పాఠకుని మాటకు చోటు

యంత్రములను నడుపు విధానమును బోధించు గ్రంథములలో, పాఠకుడు తాను కనిపెట్టిన దోషమును గాని తనకు దొరకిన ఉపాయమును గాని వ్రాయుటకు చోటెక్కడ నుండవలెననునది స్వల్పవిషయముగా తోచవచ్చును. అయినను కంప్యూటరు మాన్యువళ్ల చరిత్రను పరికించినచో, ఆ చోటును బట్టియే గ్రంథకర్తలు పాఠకులను ఏ దృష్టితో చూచిరో తేటపడును.

ఐబీఎం సంస్థ 1964లో సిస్టమ్/360 యంత్రశ్రేణిని ప్రకటించిన పిదప వెలువరించిన మాన్యువళ్ల చివర, పాఠకుల అభిప్రాయములకై ఒక పత్రము ముద్రింపబడుచుండెను. దానిని విడదీసి, నింపి, మడిచి తపాలాపెట్టెలో వేసిన చాలును. చిరునామా ముందే అచ్చయియుండెను, అమెరికాలో తపాలా రుసుమును సంస్థయే భరించెడిది. ఏర్పాటు ఉదారమైనదే, సందేహము లేదు. కాని గ్రంథమధ్యమున తడబడిన ప్రోగ్రామరు, చేతనున్న పని నాపి, అంతవరకు తెరచియుండని చివరిపుటను వెదకికొని, తాను తడబడిన పుట సంఖ్యను అందు వ్రాసి పంపవలెను. పంపినను ఆ మాట సంస్థకే చేరును గాని, వేరొక పట్టణమున అదే వాక్యముకడ అదే విధముగ చిక్కుపడిన మరియొక పాఠకునికి చేరదు. కొంతకాలమునకు సవరించిన పుటలు వచ్చును. మారిన పంక్తుల ప్రక్కన అంచున నిలువుగీత యుండును. అది ఎవరి ఉత్తరము వలన పుట్టినదో ఆ గీత చెప్పదు.

1971 నవంబరు 3వ తేదీని వహించిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువలులో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు పెక్కు ఆదేశముల వివరణ చివర ‘బగ్స్’ అను శీర్షికను ఉంచి, తమ కృతిలోని లోపములను తామే చెప్పుకొనిరి. విక్రేతలు వ్రాయు గ్రంథములలో ఇట్టి నిష్కాపట్యము దుర్లభము. అయినను కలము కర్తల చేతనే యుండెను.

1995లో రాస్మస్ లెర్డార్ఫ్ లోకమునకు వెల్లడించిన పీహెచ్‌పీ భాషకు ఇంటర్నెట్టులో నెలకొల్పిన మాన్యువలు ఈ క్రమమును మార్చినది. అందు ఒక్కొక్క ఫంక్షనునకు ఒక్కొక్క పుట; ఆ పుట యడుగుననే పూర్వపాఠకులు వ్రాసిన వ్యాఖ్యలు, పేరుతోను కాలముతోను; అచ్చటనే క్రొత్త వ్యాఖ్యను చేర్చుటకు లింకు. ఉదాహరణమును చదువుచు క్రిందికి దిగినవాడు ఆ వ్యాఖ్యలమీదికే వచ్చి పడును గావున, తానును వ్రాయవచ్చునని వానికి వేరుగ చెప్పనక్కరలేదు. మూలమును విడిచి ముందుగా వ్యాఖ్యనే చదువువారును బయలుదేరిరి. కావ్యములను వ్యాఖ్యానములతో చదువు మనకు ఆ యలవాటు క్రొత్త కాదు గదా!

ఐతే చోటు సులభమైనకొలది చెత్తయు పెరిగినది. జవాబు లేని ప్రశ్నలు, తప్పు కోడు, గతించిన వెర్షనులకు మాత్రమే చెల్లు సలహాలు పుటలనిండ చేరెను. సంపాదకులు పనికిరానివానిని తొలగించి, సారవంతములను మూలములోనికి ఎక్కించుచు వచ్చిరి. వ్యాఖ్యల మేలుకీడులను పాఠకులే ఓట్లతో తెలుపు పద్ధతి తరువాత వచ్చినది. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు మాన్యువలును ఒకప్పుడు పుటల క్రింద వ్యాఖ్యలను స్వీకరించినదే. పిమ్మట వానిని తొలగించి, దోషములను తెలుపుటకు ఒక ఫారమునకు దారి చూపు లింకును మాత్రము నిలిపినది. లింకు ప్రతి పుట యడుగునను కనబడును గాని, దానిద్వారా పంపిన మాట ఆ పుటలో తరువాతి పాఠకునికి కనబడదు. శుభ్రత దక్కినది, సహవాసము పోయినది. పీహెచ్‌పీ మాన్యువలు మాత్రము పాఠకుల మాటను పుట క్రిందనే నిలుపుకొన్నది; ఓపికతో ఏరివేయు సంపాదకులు దొరకునంతవరకు ఆ పద్ధతియే మేలని నా యభిప్రాయము.