కిప్చాకుల సేనాధిపత్యము

నల్లసముద్రమున కుత్తరమునుండి ఇర్తిషు నదివఱకు వ్యాపించిన తృణభూమిని బారసీక గ్రంథకర్తలు 'దష్తి కిప్చాకు' అనిరి. అందలి కిప్చాకులు తురుష్కభాషీయులు; అశ్వపాలనమునను ధనుర్విద్యయందును నిపుణులు. ఏకప్రభువు లేక తెగలుగాఁ జీలియున్న వీరిని మంగోలులు 1223 లో కల్కానదియొద్ద నోడించి, 1236 తరువాత బాతూఖానుని దండయాత్రలోఁ బూర్తిగ లోఁబఱచుకొనిరి. ఓడినవారిలోఁ గొందఱు హంగేరీకిఁ బాఱిపోయిరి; కొందఱు దాసులుగ ఈజిప్తునకు విక్రయింపఁబడిరి; మఱికొందఱు జేతల కొలువులోనే చేరిరి. ఈ కడపటివారి చరిత్రము విశేషముగ విచారింపఁదగినది.

కుబ్లాయిఖానునియొద్ద బందూచా యను కిప్చాకుఁడు రాజాశ్వములఁ గాచుచు, అశ్వక్షీరముఁ బులియఁబెట్టి తేర్చి సమర్పించుచుండెను. తేటయైన యా పానకమునకు 'నల్లపాలు' అని వాడుక. 'ఖరా' యనఁగా నలుపు. కావున నతని పరివారమునకు 'ఖరాచి' యను పేరు గలిగెను. అతని కుమారుఁడు తూతూఖా (1237–1297) ఖైదూతోడి యుద్ధములఁ గీర్తిగాంచెను. కుబ్లాయికి స్వవంశీయులే ప్రబలశత్రువులు. అట్టి కాలమునఁ, జీనాలో బంధుబలము లేని పరదేశీయులు ప్రభువునే నమ్ముకొని యుందురు గదా! 1286 లో కిప్చాకులతోఁ బ్రత్యేకరక్షకసైన్య మేర్పడెను. దానికిఁ దూతూఖా యధిపతి యయ్యెను.

ఆ యాధిపత్యము వంశపారంపర్యమగుటతో సైనికుల భక్తి సింహాసనమునుండి యా కుటుంబమునకు మరలెను. 1328 లో యెసూన్ తెమూరు చక్రవర్తి మృతినొందఁగా, తూతూఖా పౌత్రుఁడగు ఎల్ తెమూరు రాజధానియగు దాదు నగరమును (నేఁటి బీజింగు) వశపఱచుకొని, తూగ్ తెమూరును జక్రవర్తిని జేసి, షాంగ్‌దులోని ప్రతిపక్షమును జయించెను. పాలు తేర్చినవాని ప్రపౌత్రుఁడు చక్రవర్తిని నిలిపెను! 1333 లో నతఁడు మరణించెను. ఆ యేఁడే యతని కూఁతురు తోగోన్ తెమూరునకుఁ బట్టమహిషి యయ్యెను. కాని 1335 లో నతని కుమారుఁడు తాంగ్‌కిషి పన్నిన కుట్ర విఫలమయ్యెను. మెర్కితు తెగవాఁడగు బయాను వానిని, ఆ మహిషినిఁ గూడఁ జంపించెను.

ఈజిప్తునకుఁ బోయిన కిప్చాకుల గతి వేఱు. 1260 లో అయిన్ జాలూతునొద్ద మంగోలుల నోడించిన సేనానులలో ముఖ్యుఁడగు బైబర్సు, ఆ యేఁడే తన సుల్తానును సంహరించి తానే సుల్తానయ్యెను. అచట దాసునకును రాజ్యార్హత గలదు. మంగోలులలోనో చెంగిజుఖానుని రక్తము లేనివాఁడు సింహాసన మెక్కుట యాచారవిరుద్ధము. ఒకే జాతి, ఒకే శౌర్యము. చీనాలోని కిప్చాకులు రాజును నిలుపఁగలిగిరి గాని రాజులు కాఁజాలరైరి. కావుననే వారి ప్రాభవము తాము నిలిపిన రాజుల యనుగ్రహమునకు లోఁబడియే యుండెను.