శ్వాసతో కదిలే కణితి – గురి తప్పని రేడియేషన్ చికిత్స

ప్రత్యేక వ్యాసం

ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు పైన తిరుగుతున్న మత్స్యయంత్రాన్ని నీటిలోని ప్రతిబింబం చూసి ఛేదించాడు. ఊపిరితిత్తులు, కాలేయం వంటి అవయవాల క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స అందించే వైద్యులకు ఎదురయ్యే సమస్య కూడా అటువంటిదే. లక్ష్యం శరీరం లోపల ఉంటుంది. ప్రతి శ్వాసతోనూ కదులుతుంది. దానిని చిత్రాల ద్వారానే గుర్తించవలసి ఉంటుంది.

కదలిక ఎంత?

విశ్రాంతిగా ఉన్న వ్యక్తి నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తాడు. గాలి పీల్చినపుడు డయాఫ్రం అనే కండర పొర కిందికి దిగుతుంది. దానికి సమీపంలో, ఊపిరితిత్తుల అడుగు భాగంలో ఉన్న కణితులు 1 నుంచి 2 సెంటీమీటర్ల వరకు, కొందరిలో అంతకు మించి కదులుతాయి. పై భాగంలోని కణితుల కదలిక స్వల్పం. కాలేయం, క్లోమగ్రంథి కూడా శ్వాసతో పాటు కదులుతాయి.

ఈ కదలికను లెక్కలోకి తీసుకోనట్లయితే కణితిలో కొంత భాగానికి కిరణాలు చాలినంతగా అందక వ్యాధి మిగిలిపోయే ప్రమాదం ఉంది. అలాగని చుట్టూ విశాలమైన అంచు వదిలితే ఆరోగ్యవంతమైన కణజాలం దెబ్బతింటుంది. 3 సెంటీమీటర్ల వ్యాసం గల గుండ్రని కణితి చుట్టూ 1 సెంటీమీటరు అంచు కలిపితే, కిరణాలు సోకే ఘనపరిమాణం నాలుగున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. కదలిక 5 మిల్లీమీటర్లు మించినపుడు, రోగి సహకరించగలిగితే, శ్వాస నియంత్రణ పద్ధతులను పరిశీలించాలని అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2006లో సూచించింది.

అనుసరిస్తున్న పద్ధతులు

* నాలుగు పరిమాణాల సి.టి. స్కాన్: శ్వాసచక్రాన్ని సాధారణంగా 10 దశలుగా విభజించి, ఒక్కొక్క దశలో కణితి ఎక్కడ ఉన్నదో చిత్రిస్తారు. కణితి సంచరించే ప్రాంతమంతటినీ లక్ష్యంగా నిర్ణయిస్తారు.

* గేటింగ్: శ్వాసచక్రంలో ఎంపిక చేసిన దశలో మాత్రమే కిరణాలు వెలువడతాయి, మిగిలిన సమయంలో ఆగిపోతాయి. జపాన్‌లోని హొక్కాయిడో విశ్వవిద్యాలయ నిపుణులు 1990ల చివరలో కణితి వద్ద 2 మిల్లీమీటర్ల బంగారు గుళికను అమర్చి, దానిని ఎక్స్‌రే ద్వారా సెకనుకు 30 సార్లు గమనిస్తూ, అది నిర్ణీత స్థానంలోకి వచ్చినపుడే కిరణాలను ప్రసరింపజేశారు.

* శ్వాసను బిగబట్టడం: ఎడమ రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఇది విశేషంగా ఉపకరిస్తుంది. గాలి గాఢంగా పీల్చినపుడు గుండె ఛాతీ గోడకు దూరంగా జరుగుతుంది. గుండెకు సోకే సగటు మోతాదు 1 గ్రే పెరిగిన కొద్దీ తీవ్ర హృద్రోగ ఘటనల రేటు 7.4 శాతం చొప్పున పెరుగుతున్నట్లు స్వీడన్, డెన్మార్క్ మహిళలపై జరిపిన అధ్యయనం 2013లో వెల్లడించింది.

* వెన్నంటడం: కొన్ని యంత్రాలలో కిరణపుంజమే కణితి కదలికను అనుసరిస్తుంది.

పరిమితులు

పొట్టపై ఉంచిన గుర్తు కదలికను బట్టి లోపలి కణితి స్థానాన్ని అంచనా వేయడం అన్ని వేళలా సరిపోదు. ఆ రెండింటి సంబంధం రోజు రోజుకూ మారవచ్చు. చికిత్సకు ముందు బల్లపైనే తీసే కోన్‌బీమ్ సి.టి.కి దాదాపు ఒక నిమిషం పడుతుంది. ఆ వ్యవధిలో రోగి అనేక సార్లు శ్వాసించడం వల్ల కణితి అంచులు మసకగా కనిపిస్తాయి. అందువల్ల ఒక్క ఆధారంపైనే ఆధారపడక, చిత్రాలను ప్రణాళికతో సరిపోల్చి చూడటం అవసరం.

రోగులకు సూచనలు

యంత్రం ఎంత అధునాతనమైనదైనా రోగి సహకారం లేనిదే ఫలితం సంపూర్ణం కాదు. స్కాన్ రోజున శ్వాసించిన తీరులోనే చికిత్స రోజులలోనూ నిదానంగా శ్వాసించాలి. శ్వాస బిగబట్టడాన్ని ముందుగా సాధన చేయాలి. సాధారణంగా ఒక్కొక్క విడతకు 20 సెకన్ల వరకు బిగబట్టగలిగితే సరిపోతుంది. దగ్గు, ఆయాసం ఉన్నా, శ్వాస నిలపడం కష్టమనిపించినా దాచకుండా సిబ్బందికి తెలియజేయాలి. బిగబట్టలేని వారికి ఇతర పద్ధతులు ఉన్నాయి కనుక ఆందోళన చెందనవసరం లేదు.