గ్రీకు, రోమన్ ఇతిహాస కావ్యాలు

ప్రాచీన గ్రీకు ఇతిహాస కవిత్వానికి హోమర్ పేరిట నిలిచిన ‘ఇలియడ్’, ‘ఒడిస్సీ’, రోమన్ ఇతిహాస కవిత్వానికి వర్జిల్ లాటిన్‌లో రచించిన ‘ఈనియడ్’ శిఖరాలు.

రచన: హోమర్ కావ్యాలు క్రీ.పూ. 8వ శతాబ్ది ప్రాంతంలో రూపుదిద్దుకున్నాయని పలువురు పండితుల అభిప్రాయం. ఒక్కొక్కదానిలో 24 సర్గలున్నాయి. మౌఖిక గాన సంప్రదాయంలో పుట్టినవి కనుక వీరుల విశేషణాలు, కొన్ని పాదాలు పదేపదే వస్తాయి. వర్జిల్ 12 సర్గల కావ్యాన్ని దాదాపు పదేళ్లు రాసి, తుది మెరుగులు దిద్దకుండానే క్రీ.పూ. 19లో మరణించాడు. అగస్టస్ చక్రవర్తి ఆదేశంతో అది వెలుగు చూసింది. తొలి ఆరు సర్గల్లో ‘ఒడిస్సీ’ తరహా సంచారం, తరువాతి ఆరింటిలో ‘ఇలియడ్’ తరహా యుద్ధం కనిపిస్తాయి. ఛందస్సు కూడా గ్రీకుదే. ఆరు గణాల ఆ హెక్సామీటర్‌ను లాటిన్ ఇతిహాసానికి అలవరచినవాడు రోమన్ కవి ఎన్నియస్.

దృక్పథం: హోమర్, వర్జిల్ దృక్పథాల భేదం వీరుల డాళ్ల వర్ణనలో స్పష్టంగా తెలుస్తుంది. ‘ఇలియడ్’ వీరుడు అకిలిస్ డాలుపై పెళ్లి ఊరేగింపు, న్యాయసభ, దుక్కి, ద్రాక్షకోత వంటి మానవ జీవిత దృశ్యాలు ఉంటాయి. ‘ఈనియడ్’ నాయకుడు ఈనియస్ డాలుపై క్రీ.పూ. 31 నాటి ఆక్టియం నౌకాయుద్ధంతో సహా రోమ్ భావి చరిత్ర ఉంటుంది. అకిలిస్‌కు కీర్తి ముఖ్యం. ఈనియస్ కర్తవ్యం కోసం ప్రియురాలు డైడోను సైతం విడిచిపెడతాడు. కనుక ‘ఈనియడ్’ కేవలం అనుకరణ కాదు. హోమర్ పద్ధతిని స్వీకరించి ఒక జాతి చరిత్రకు అర్థం చెప్పిన స్వతంత్ర మహాకావ్యం.