చేవను చదివే వెలుగు

మార్చి నెలాఖరు. న్యూజిలాండ్ దక్షిణ దీవి, మార్ల్‌బరో ప్రాంతంలోని వైరౌ లోయ. అర్ధరాత్రి దాటింది. ద్రాక్ష కోతలు జోరు మీదున్నాయి. మంచుకు బూట్లు తడిసి, కాళ్లు జివ్వుమంటున్నాయి. వరుసకు అటొక కాలు, ఇటొక కాలు వేసినట్టుగా ఇంటెత్తు యంత్రం తీగల మీదుగా వస్తోంది. అది కుదిపే కుదుపుకు పళ్లు జలజలా రాలుతున్నాయి. యంత్రం మనల్ని దాటిందో లేదో, ఫట్‌మని చప్పుడు. టార్చి ఇటు వెయ్యండి. గుంజ నేలమట్టానికి విరిగి, పైన తీగల్ని పట్టుకుని వేలాడుతోంది.

వంగి చూస్తే కర్ర లేత ఆకుపచ్చగా ఉంది. పుచ్చి విరిగింది కాదిది. రేడియేటా పైన్ మెత్తటి కర్ర, కుదుపుకు తాళలేదు, అంతే. పుచ్చకుండా ఉండాలని దానికి రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించారు. ఆ పచ్చదనం మందుదే. తెలంగాణ ద్రాక్ష తోటల్లో పందిళ్లకు రాతి కడీలు పాతడం చూసిన మనకు ఇది వింతగానే ఉంటుంది. విరిగిన ఈ గుంజను పొయ్యిలో పెట్టకూడదు. పొగలోనూ బూడిదలోనూ ఆర్సెనిక్ ఉంటుంది. అందుకే విరిగిన గుంజల్ని ఏం చేయాలన్నది ఇక్కడి రైతులకు పెద్ద తలనొప్పి.

తెల్లారాక కొండవాలుకు వెళ్దాం. వరుసలు వరుసలుగా యూకలిప్టస్ చెట్లు. మన జామాయిల్‌కు దగ్గరి చుట్టాలు. మన జామాయిల్ ఎక్కువగా కాగితం మిల్లుకు పోతుంది, వీటిని గుంజల కోసమే పెంచుతున్నారు. ఈ రకం పేరు బోసిస్టోవానా. సొంత ఊరు ఆగ్నేయ ఆస్ట్రేలియా. యూకలిప్టస్ నూనె పరిశ్రమకు పునాది వేసిన జోసెఫ్ బోసిస్టో పేరు దీనికి పెట్టారు. ఆస్ట్రేలియా ప్రమాణాల్లో దీని చేవది మొదటి తరగతి. ఏ మందూ లేకుండా నేలలో పాతినా 25 ఏళ్లు దాటి నిలుస్తుందని లెక్క. మందు అక్కర్లేని గుంజల కోసం ఇలాంటి యూకలిప్టస్ రకాల్ని పెంచి, మేలైన చెట్లను ఏరే పని న్యూజిలాండ్‌లో 2008లో మొదలైంది.

చిక్కల్లా ఏరడంలోనే ఉంది. పక్కపక్కన నిలబడిన ఈ రెండు చెట్లను చూడండి. ఒకే వయసు, ఒకే లావు. ఏది చేవ పట్టిందో బెరడు చూసి చెప్పగల వడ్రంగి ఎవరూ లేరు. చెట్టును కొట్టి చూస్తే తెలుస్తుంది, కానీ కొట్టాక ఆ చెట్టే ఉండదు.

డ్రిల్లు గుయ్యిమంటోంది. మానులోంచి వేలెడు లావు పుల్ల బయటికొచ్చింది. అరచేతిలో పెట్టుకోండి, పచ్చిగా, చల్లగా ఉంది. దాని మీద మిథైల్ ఆరెంజ్ ద్రావణం పూస్తే రెండు చివర్లూ పసుపుగానే ఉండిపోయి, నడిమి భాగం ఎర్రబారింది. ఆ ఎరుపు ఉన్నంత మేరా చేవ. దానికి ఆమ్లగుణం ఎక్కువ. చేవ ఎంత ఉందో తెలిసింది. అది పుచ్చును ఎంత తట్టుకుంటుందో ఇంకా తెలియలేదు.

ఇక క్రైస్ట్‌చర్చ్‌లో, కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం ప్రయోగశాల. పుల్ల బాగా ఆరింది. ఆరకపోతే పని కష్టం. పరారుణానికి దగ్గరి కాంతిలో, 1450, 1940 నానోమీటర్ల దగ్గర నీరు పెద్ద గొంతుతో అరుస్తుంది, మిగతావాటి మాట వినపడదు. ఫైబర్ తీగ కొసను చేవకు ఆనించారు. కంటికి కనబడని వెలుగు చెక్కను తాకి వెనక్కొస్తోంది. తెర మీద ఒక గీత, దాని మీద చిన్న చిన్న గూనులు. సెల్యులోజ్, లిగ్నిన్, వాటితో పాటు చెట్టు తన చేవలో దాచుకున్న ఫినాల్ జాతి పదార్థాలు, అన్నీ ఆ గీతలో కలగలిసి ఉన్నాయి. బూజును ఆపేవి ఆ దాచుకున్నవే.

గీత తనంతట తాను ఏమీ చెప్పదు. కొన్ని పుల్లల్ని పిండి చేసి, ఇథనాల్‌లో నానబెట్టి, ఆ దాచుకున్న పదార్థాలు ఎంత కరిగాయో తూచి, ఆ అంకెల్ని గీతలకు జతచేసి యంత్రానికి నేర్పారు. దాని వెనక ఇంకా పాత ఓపిక ఉంది. చెక్కముక్కల్ని గాజుసీసాల్లో బూజుకు వదిలి, వారాల తర్వాత ఎంత బరువు తగ్గాయో చూసిన ఓపిక. మన దేశంలోనూ ఆ ఓపిక ఉంది. కర్రల్ని మట్టిలో పాతి ఏళ్ల తరబడి చూస్తారు. 120 నెలలు నిలిస్తేనే మొదటి తరగతి. యూరప్‌లో 2003లో లార్చ్ చెట్ల చేవ మీద ఇదే వెలుగు వేసి, బూజుకు ఎంత తట్టుకుంటుందో అంచనా కట్టగలిగారు. పదేళ్ల ఎదురుచూపులు లేకపోతే ఈ నిమిషం పనికి విలువే లేదు. వెలుగు గొప్పతనం చెప్పేవాళ్లు మట్టిని మర్చిపోకూడదని నా గట్టి నమ్మకం.

తెర మీద అంకె పడింది. దాని కింద మరో చెట్టు అంకె. పక్కపక్కన నిలబడిన చెట్లే, తేడా మాత్రం కొన్ని రెట్లు. ఆ గుణం చాలావరకు తల్లి నుంచి పిల్లకు వస్తుంది కాబట్టి, అంకె తక్కువ పడ్డ చెట్టును విత్తనానికి ఉంచరు. ఎక్కువ పడ్డది, మానులో వేలెడు బెజ్జంతోనే, కొండవాలు మీద పెరుగుతోంది.