బరువు చూసుకున్న నాయికలు

మనం వారపత్రికల్లో సీరియల్స్ చదువుతూ పెరిగినవాళ్ళం. ఆ నవలల్లో నాయిక ఏడుస్తుంది, అలుగుతుంది, ఉద్యోగం చేస్తుంది, ఆత్మాభిమానం కోసం ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. కానీ ఒక్కసారైనా బరువు చూసుకున్నట్టు నాకు గుర్తులేదు. ఆవిడ నాజూగ్గా ఉంటుందన్నది ముందే ఖాయం. లావుపాటి ఆవిడ కథలోకి వచ్చిందంటే పక్కింటి పిన్నిగారో, గయ్యాళి అత్తగారో, మనల్ని నవ్వించడానికి వచ్చిన స్నేహితురాలో అయ్యుండేది.

బి.ఏ.లో ప్రబంధాలు చదివినప్పుడూ ఇంతే. కవిగారు నాయిక నడుము దగ్గరకొచ్చేసరికి అది ఉందా లేదా అని సందేహంలో పడతారు. మిగతా ఒళ్ళు మాత్రం నిండుగా ఉండాలి! ఆ కొలతలతో మనిషి నిలబడగలదా అని వెనక బెంచీలో ఆడపిల్లలం గుసగుసలాడుకునేవాళ్ళం. ఆ నడుమున్న అమ్మాయికి లోపల ఏమనిపిస్తోందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఇంగ్లీషు నవలల్లో ఆ అడగడం 1960ల చివర్లో గట్టిగా మొదలైంది. దానికి ముందు సంగతి కొంచెం చెప్పాలి. 1961లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి, మనలాంటావిడే, ఒక్కతే పత్యం చెయ్యలేక స్నేహితురాళ్ళని ఇంటికి పిలిచి తన తిండి బాధలు చెప్పుకుంది. 1963కల్లా అది వెయిట్ వాచర్స్ అనే కంపెనీ అయింది. 1966లో లండన్‌లో ఒక పత్రిక పదహారేళ్ళ ట్విగ్గీని ఆ ఏటి అందాల ముఖమంటూ ఎత్తేసింది. ఆ ముద్దుపేరుకి పుల్లలాంటి పిల్ల అని అర్థం. ఒకవైపు ఆ పిల్ల ఫోటోలు, ఇంకోవైపు బరువు తూచే మీటింగులు. మధ్యలో ఇరుక్కున్న ఆడవాళ్ళు కథల్లోకి రాకుండా ఎలా ఉంటారు?

1967లో ఫే వెల్డన్ మొదటి నవల 'ది ఫ్యాట్ వుమన్స్ జోక్' వచ్చింది. ఎస్తర్, ఆమె భర్త కలిసి డైటింగ్ మొదలుపెడతారు. కడుపు నిండా తిన్నంతకాలం మాట్లాడుకోని సంగతులన్నీ ఆకలి మీద బయటపడతాయి. కాపురం చెదిరిపోతుంది. ఆవిడ ఒక సెల్లార్ ఇంట్లో చేరి, తనకిష్టమైంది తింటూ, వచ్చిన స్నేహితురాలికి జరిగింది చెబుతుంది. రెండేళ్ళకి, 1969లో, కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ 'ది ఎడిబుల్ వుమన్' వచ్చింది. అందులో మేరియన్ లావు కాదు. పెళ్ళి కుదిరింది, అంతే. కాబోయేవాడు మాంసం ముక్క కోస్తుంటే చూసిన దగ్గర్నుంచీ మాంసం సయించదు, తర్వాత గుడ్డు, చివరికి కూరగాయలూ సయించవు. ఆఖరికి ఆడమనిషి ఆకారంలో కేకు చేసి, నీకు కావలసింది ఇదే కదా అని అతని ముందు పెడుతుంది. అతను జారుకుంటాడు. తను ఫోర్కు తీసుకుని ఆ కేకు తినేస్తుంది.

ఈ వరసలో నాకు అన్నిటికన్నా దగ్గరైంది ఆట్‌వుడ్‌దే మరో నవల, 1976 నాటి 'లేడీ ఒరాకిల్'. చిన్నారి జోన్ బొద్దుగా ఉంటుంది. డాన్సు స్కూలు కార్యక్రమంలో సీతాకోకచిలుక వేషం కోసం రెక్కలు తొడుక్కుని మురిసిపోతుంటే, బాగా కనిపించడం లేదని పెద్దవాళ్ళు మాట్లాడుకుని, రెక్కలు తీయించి కలరా ఉండ వేషం వేయిస్తారు. అవునండీ, బీరువాలో బట్టల మధ్య పెట్టే కలరా ఉండే! ఆ పిల్ల కోపం పట్టలేక స్టేజీ అదిరేలా గెంతుతుంది. జనం చప్పట్లే చప్పట్లు. ఆ చప్పట్ల దగ్గర పుస్తకం మూసి కాసేపు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తర్వాత తల్లీ కూతుళ్ళ యుద్ధమంతా కంచం మీదే. తల్లి తగ్గమంటుంది కాబట్టి కూతురు తింటుంది. జోన్‌ని ప్రేమగా సినిమాలకి తిప్పే మేనత్త, తనూ భారీ మనిషే, పోతూ పోతూ రెండు వేల డాలర్లు రాస్తుంది. వంద పౌన్లు, అంటే మన లెక్కలో 45 కిలోలు తగ్గితేనే ఆ డబ్బు. తీరా కూతురు నిజంగానే తగ్గుతుంటే తల్లి సంతోషించిందా? లేదు, కత్తితో చేతి మీద పొడుస్తుంది. సన్నబడ్డ జోన్ పెళ్ళయ్యాక కూడా తన పాత ఒంటి సంగతి మొగుడికి చెప్పదు. చాటుగా ప్రేమ నవలలు రాస్తూ డబ్బు సంపాదిస్తుంది. ఈ ఒక్క సంగతి కోసమైనా, సీరియల్స్ చదివినవాళ్ళం మనం ఈ పుస్తకం చదవాలి.

1978లో సూసీ ఆర్బాక్ రాసిన 'ఫ్యాట్ ఈజ్ ఎ ఫెమినిస్ట్ ఇష్యూ' నవల కాదు గానీ, తిండి వెనకున్న కోపాన్నీ భయాన్నీ బాహాటంగా మాట్లాడింది. అప్పటిదాకా ఇది ఎవరి గొడవ వాళ్ళది.

1996లో హెలెన్ ఫీల్డింగ్ 'బ్రిడ్జెట్ జోన్స్ డైరీ'తో బరువు ఏకంగా పేజీ మొదటి వరసకే ఎక్కింది. రోజూ డైరీ తెరవగానే బరువు, తాగిన సిగరెట్లు, తిన్న కేలరీలు. ఇంతా చేసి జనవరి ఒకటిన ఆ అమ్మాయి బరువెంతో తెలుసా? 58 కిలోల చిల్లర. తంటాలు పడి 54కి దిగితే, బాగున్నావా, ఒంట్లో నలతగా ఉందా అని అందరూ అడుగుతారు. ముందే బాగుండేదానివని స్నేహితుడొకడు అనేస్తాడు. నిజంగా భారీ మనిషి నాయికై, తన గొంతుతోనే కథ చెప్పింది 2001లో జెన్నిఫర్ వైనర్ 'గుడ్ ఇన్ బెడ్'లో. విడిపోయిన ప్రియుడు లావుపాటి అమ్మాయిని ప్రేమించడం గురించి పత్రికలో కాలమ్ రాస్తే, ఆ అమ్మాయి తనే అని క్యానీ చదివి తెలుసుకుంటుంది. మన దగ్గర 2015లో 'సైజ్ జీరో' సినిమా కోసం అనుష్క బరువు పెరిగితే, కథకన్నా ఆ కిలోల గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం.

ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి ఈమధ్య రాత్రిపూట పెరుగన్నం మానేసింది. చిక్కిపోతున్నావే అంటే అది పొగడ్త అనుకుంటోంది. ఉపన్యాసం ఇవ్వకుండా బ్రిడ్జెట్ పుస్తకం చేతికిచ్చాను. నాలుగు పేజీలు చదివి ఫోన్లో లెక్క కట్టింది.

"అమ్మా, ఈవిడ నాకంటే రెండు కిలోలు తక్కువే. మరి దేనికేడుస్తోంది?"

"చదువు, తెలుస్తుంది," అన్నాను.

ఇప్పుడు 'లేడీ ఒరాకిల్' దాని మంచం పక్కనుంది. ఇంకా కలరా ఉండ దాకా రాలేదు.