కూజా అడుగున ముద్ర

స్టోన్‌వేర్ టీ కూజా చేతికి రాగానే సేకర్త మొదట చేసే పని దాన్ని బోర్లించి చూడటం. అది టీ ఎలా పోస్తుందన్నది తర్వాతి మాట. అడుగున ఎవరి ముద్ర ఉందన్నదే ముందు. వాడకం కోసం పుట్టిన వస్తువు ముద్ర కోసం అమ్ముడయ్యే సరుకుగా ఎలా మారింది? ఈ ప్రశ్న కుమ్మరులకే పరిమితం కాదు.

స్టోన్‌వేర్ మనకు తెలియనిది కాదు. మన ఆవకాయ జాడీ ఆ జాతిదే. సుమారు 1,200 నుంచి 1,300 డిగ్రీల సెంటీగ్రేడ్ వేడిలో మట్టి రాయిలా బిగిసి, నీరు పీల్చని గుణం పొందుతుంది. ఈ జాతి టీ కూజాకు చైనాలోని ఈషింగ్ మింగ్ వంశకాలం నుంచి ప్రసిద్ధి. పదిహేడో శతాబ్దంలో టీతోపాటు ఆ కూజాలూ ఐరోపా చేరాయి. 1769లో జొసయ్య వెడ్జ్‌వుడ్ ఇంగ్లండులో ఇట్రూరియా కర్మాగారం తెరిచాడు. అక్కడ మట్టి కలిపేవాడొకడు, సారె తిప్పేవాడొకడు, పిడి అతికేవాడొకడు. వస్తువు మొత్తం ఏ ఒక్కరి చేతిదీ కాకుండా పోయింది.

ఈ శ్రమవిభజనపై పందొమ్మిదో శతాబ్దంలో విలియం మోరిస్ తిరుగుబాటు ప్రకటించాడు. స్టూడియో కుమ్మరులు ఆ ధోరణికి వారసులు. 1920లో బెర్నార్డ్ లీచ్, జపాన్ కుమ్మరి హమదా షోజీ కలిసి కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌లో కుమ్మరిశాల నెలకొల్పారు. వారి మిత్రుడు యనగి సోఎత్సు 1925లో సహచరులతో కలిసి 'మింగెయ్' (ప్రజల చేతిపని) అనే మాటను రూపొందించాడు. పేరులేని పనివాడు నిత్యవాడకానికి చౌకగా చేసిన వస్తువులోనే నిజమైన అందముందన్నాడు.

ఈ సిద్ధాంతానికి టీ కూజాయే గట్టి పరీక్ష. కడుపు, కొమ్ము, మూత, పిడి దేనికది చేసి, మట్టి పూర్తిగా ఆరకముందే అతకాలి. కొమ్ము మొన కడుపులోని టీ మట్టం కన్నా దిగువనుంటే నిండా పోసిన కూజా ఒలుకుతుంది. పెదవి పదునుగా లేకపోతే చుక్క కారుతుంది. ఇక్కడ అందం, ప్రయోజనం వేరుచేయరానివి.

అయితే మార్కెట్ వాటిని వేరుచేసింది. సెయింట్ ఐవ్స్‌లో సహాయకులు, శిష్యులు చేసే గృహోపయోగ పాత్రలకు 'స్టాండర్డ్ వేర్' అని పేరు. వాటిమీద శాల ముద్ర ఒక్కటే ఉండేది. లీచ్ సొంత కృతులకు అతని పొడి అక్షరాల ముద్ర అదనం. సేకర్త ఎక్కువ ధర పెట్టేది ఆ రెండక్షరాలకు. 1938లో శిష్యుడుగా చేరిన స్థానిక యువకుడు విలియం మార్షల్ దశాబ్దాలపాటు అక్కడే పనిచేశాడు. చివరి దశలో లీచ్ గీసిచ్చిన నమూనాలను అనుసరించి కొన్ని పెద్ద పాత్రలను సారెమీద తీసింది మార్షల్ చేతులే. వాటికి పడ్డది మాత్రం లీచ్ పేరు.

హమదా మరో దారి పట్టాడు. 1923లో సెయింట్ ఐవ్స్ విడిచి జపాన్ వెళ్ళాక తన పాత్రలమీద సంతకం మానేశాడు. మార్కెట్ ఓడిపోలేదు. పాత్రను భద్రపరిచే చెక్కపెట్టె మీది అతని సంతకమే ప్రమాణమైంది. 1955లో జపాన్ ప్రభుత్వం ఆయనను 'సజీవ జాతీయ నిధి'గా గౌరవించింది. ముద్ర వద్దన్నవాడి పేరే పెద్ద ముద్ర అయింది.

తప్పంతా సేకర్తదే అంటే సరిపోదు. యంత్రంతో పోటీపడే చేతిపని చౌకగా ఉండలేదు. ఎక్కువ ధర ఇవ్వగలవాడు లేకుండా ఆ కుమ్మరి బతకలేడు. మోరిస్ వస్తువులూ చివరకు ధనికుల ఇళ్ళకే చేరాయి. ఉత్పత్తి సంబంధాలు మారకుండా వస్తువును మాత్రమే మార్చబూనిన ఉద్యమానికి ఇది తప్పని వైరుధ్యం. యనగి చూపులోని లోపమూ ఇక్కడే ఉంది. పేరు లేకపోవడం పనివాడి సుగుణం కాదు, అతని పరిస్థితి. ఆ పరిస్థితిని సౌందర్యంగా కీర్తించినవాడికి మాత్రం పేరుంది.

కనుక ముద్రను చెరిపేయడం పరిష్కారం కాదు. మట్టి తొక్కినవాడి పేరు, సారె తిప్పినవాడి పేరు, వారికి ముట్టిన కూలి కూడా చరిత్రలో చేరాలి. సాహిత్య విమర్శలో మనమూ పుస్తకాన్ని బోర్లించి రచయిత పేరు చూస్తున్నాం. దాన్ని నిటారుగా నిలబెట్టి, ఎవరి శ్రమ ఇందులో ఉంది, ఎవరి దప్పిక తీరుస్తుంది అని అడగటం నేర్చుకోవాలి.