కాడు, గోరీ, బొంద

చావు అందర్నీ సమానం చేస్తుందనే మాట మన సాహిత్యంలో తరచుగా వినిపిస్తుంది. కాని చచ్చినవారిని చేర్చే చోటుకు తెలుగులో ఉన్న పేర్లు ఆ మాటకు సాక్ష్యం పలకవు. వాటి చరిత్ర మన వర్గాల, వర్ణాల చరిత్రే.

‘కాడు’ అంటే అసలు అడవి. ఊరి పొలిమేర దాటి శవాన్ని మోసుకుపోయిన చోటుకు ఆ పేరే స్థిరపడింది. తమిళంలో కాల్చే చోటు ‘సుడుకాడు’, పూడ్చే చోటు ‘ఇడుకాడు’. మనం రెంటినీ ‘వల్లకాడు’ అనే అంటున్నాం. ‘కాటికాపరి’లో ఉన్నదీ ఈ కాడే. హరిశ్చంద్రుడు కాటికాపరి కావడం చూసి నాటకశాలలు కన్నీరు పెట్టాయి. రాజుకు అది పతనానికి చివరి మెట్టు. కొన్ని కులాలకు మాత్రం తరతరాల వెట్టి. వారికోసం ఎవరూ ఏడవలేదు.

గోదావరి లోయలో జానంపేట వంటి చోట్ల ఇనుపయుగం నాటి సమాధులున్నాయి. పెద్ద పెద్ద బండలతో కట్టినవి. జనం వాటిని ‘రాక్షసగుళ్ళు’ అంటారు. అంతేసి రాళ్ళను మామూలు మనుషులు ఎత్తగలరని తర్వాతి తరాలు నమ్మలేకపోయాయి. శ్రమచేసిన చేతులు మరుగునపడి రాక్షసుల పేరు మిగిలింది.

‘గోరీ’ ఫారసీ ‘గోర్’ నుంచి వచ్చింది. ‘గుంబద్’ మన నోట ‘గుమ్మట’మైంది. 1518 నుంచి 1687 దాకా ఏలిన కుతుబ్‌షాహీల గుమ్మటాలు గోల్కొండ దగ్గర నేటికీ నిలిచి ఉన్నాయి. వాటికి రాళ్ళెత్తిన కూలీల గోరీలు ఎక్కడున్నాయో చెప్పే గుర్తు లేదు.

అన్నిటికన్నా ఆలోచించవలసిన జంట ‘సమాధి’, ‘బొంద’. యోగిని, సన్యాసిని దహనం చెయ్యరు, పూడుస్తారు. ధ్యానంలో చివరి దశకున్న పేరే ఆ గుంటకూ వచ్చి ‘సమాధి’ అయింది. మాధ్వ యతులకైతే ‘బృందావనం’. 1671 నాటి మంత్రాలయం రాఘవేంద్రస్వామి బృందావనానికి జనం ఇప్పటికీ మొక్కుతున్నారు. దళితులూ, ఇంకా ఎన్నో శ్రామిక కులాలవారూ తమవాళ్ళను పూడ్చే పెడతారు. తెలంగాణలో ఆ గుంట ‘బొంద’, ఆ నేల ‘బొందలగడ్డ’. అదే మట్టి, అదే పని. ఒక మాటకు పూజ, రెండో మాట ‘నీ బొంద’ అనే తిట్టు!

శ్మశానాన్ని సమత్వానికి చోటుగా చూసిన జాషువా, 1941లో ‘గబ్బిలం’తో అస్పృశ్యుడి గోడు వినిపించిన కవి కూడా. ఊళ్ళలో కులానికొక శ్మశానం ఉందని ఆయనకు తెలియక కాదు. ఆ సమత్వం ఆయన కోరిక, లోకం తీరు కాదు. 1950లో అమలుకొచ్చిన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసినా, శవాన్ని పూడ్చే జానెడు నేల కోసం దళితులు నేటికీ పోరాడవలసి వస్తోంది.

కాబట్టి రచయిత ఒక పాత్రను మట్టిలో కలిపేటప్పుడు ఆ చోటుకు ఏ పేరు పెడుతున్నాడో గమనించుకోవాలి. చదివేవాడికి ఆ చచ్చినవాడి కులమూ, వర్గమూ ఆ మాటలోనే తెలిసిపోతాయి. బొంద అనవలసిన చోట సమాధి అని రాస్తే దక్కేది గౌరవం కాదు; చరిత్ర మీద మరో పొర మట్టి పడుతుంది, అంతే.